డిస్ట్రో మొత్తానికి ఓ2 చాలు, మరి ఏ ప్యాకేజీకి చాలదు?

సొంత మెషీన్‌లో ఒక ప్రోగ్రామ్ కంపైల్ చేసుకుంటూ ఫ్లాగు (కంపైలర్‌కి ఇచ్చే ఆప్షన్) తప్పు పెడితే నష్టం మనకే. మార్చి మళ్ళీ కడితే సరిపోతుంది. డిస్ట్రో (లైనక్స్‌తో వేల ప్రోగ్రాముల్ని కలిపి ఇచ్చే పంపిణీ) కట్టేటప్పుడు మాత్రం ఒక్క ఫైల్లో రాసిన ఒక్క మాట వేల ప్యాకేజీల మీద పడుతుంది. వాడేవాళ్ళ దగ్గర ఏ ప్రాసెసర్ ఉందో తెలియదు. ఏ ప్యాకేజీలో ఎన్నేళ్ళ నాటి సి కోడ్ ఉందో తెలియదు. బగ్ రిపోర్టు వచ్చేసరికి ఆ బైనరీ కట్టి నెలలు గడిచి ఉంటాయి. అందుకే ఇక్కడ ఏ ఆప్టిమైజేషన్ లెవెల్ (ఓ0, ఓ1, ఓ2, ఓ3: కోడ్‌ని కంపైలర్ ఎంతగా మెరుగుపరచాలో చెప్పే ఫ్లాగులు) ఎంత వేగం అన్నదానికన్నా ముందు తేలాల్సినవి ఉన్నాయి: పెట్టిన లెవెల్ ప్రతి ఫైలుకీ నిజంగా చేరుతోందా, చేరాక ఏది విరిగింది, విరిగితే ఎలా పట్టుకోవాలి.

కింద ఫ్లాగులన్నీ తెలుగు లిపిలోనే రాశాను, కొట్టేటప్పుడు మామూలు అక్షరాలే వాడండి. ఇందులో ఒక లాభం కూడా ఉంది. ఓ0 అని రాస్తే ఏది అక్షరమో ఏది సున్నానో ఎవరూ తికమక పడరు. ఉదాహరణలు ఎక్కువగా జీసీసీ కంపైలర్, ఎక్స్86-64 (ఇంటెల్, ఏఎండీల 64-బిట్ ప్రాసెసర్లు) మీదే ఉంటాయి.

ముందు లెవెల్స్ సంగతి. ఓ1లో కంపైలర్ ఎక్కువ సమయం పట్టని పనులే చేస్తుంది. ఓ2లో ఇన్‌స్ట్రక్షన్ల క్రమం మార్చడం, స్ట్రిక్ట్ ఏలియాసింగ్ నియమాన్ని (వేర్వేరు టైపుల పాయింటర్లు ఒకే డేటాని చూపవన్నది) నమ్మి అక్కర్లేదనిపించిన లోడ్‌లు తీసేయడం లాంటివన్నీ మొదలవుతాయి. జీసీసీ 10 నుంచి ఓ2లోనే ఫంక్షన్లను కాస్త ధైర్యంగా ఇన్‌లైన్ చేస్తోంది (పిలిచే చోటే ఫంక్షన్ కోడ్‌ని పెట్టేస్తోంది). 2022లో వచ్చిన జీసీసీ 12 నుంచి వెక్టరైజేషన్ (ఒకే ఇన్‌స్ట్రక్షన్‌తో చాలా విలువల మీద పని) కూడా ఓ2లోకి దిగింది. అయితే అది వెరీ-చీప్ అనే ఖర్చు మోడల్‌తో మాత్రమే, అంటే వెక్టర్ కోడ్ పాత స్కేలార్ (ఒక్కో విలువగా నడిచే) లూప్ స్థానాన్ని పూర్తిగా తీసుకోగలిగిన చోటే. ఓ3లో ఈ పిసినారితనం ఉండదు. రన్‌టైమ్‌లో చెక్ చేసి అయినా సరే వెక్టరైజ్ చేస్తుంది, లూప్‌లోని కండిషన్‌ను బయటికి లాగి లూప్‌నే రెండు కాపీలు చేస్తుంది, ఒక ఫంక్షన్‌ని వేర్వేరు ఆర్గ్యుమెంట్లకి వేర్వేరు క్లోన్లుగా పెంచుతుంది. పాత బ్లాగుల్లో 'ఓ3 అంటే లూప్‌లన్నీ అన్‌రోల్ అవుతాయి' (లూప్‌లోని కోడ్ వరసగా చాలాసార్లు రాసినట్టు పరుచుకుంటుంది) అని కనిపిస్తుంది. అది తప్పు. ఎఫ్అన్‌రోల్-లూప్స్ అనే ఫ్లాగు ఓ3లో భాగం కాదు, విడిగా పెడితేనే వస్తుంది. మీ కంపైలర్ వెర్షన్‌లో ఏ లెవెల్‌కి ఏది వెలుగుతుందో ఊహించే పని లేదు. జీసీసీకి -క్యూ, -ఓ3, --హెల్ప్=ఆప్టిమైజర్స్ ఇస్తే మొత్తం జాబితా చెబుతుంది. ఓ2తో ఒకసారి, ఓ3తో ఒకసారి తీసి డిఫ్ చేస్తే రెండింటి తేడా ఒక్క స్క్రీన్‌లో కనిపిస్తుంది. వెర్షన్ మారినప్పుడల్లా ఈ పని చేయడం మంచి అలవాటు.

డీబగ్ సులువని ఓ0తో డిస్ట్రో కడదామన్నా కుదరదు. జీలిబ్‌సీ (దాదాపు ప్రతి ప్రోగ్రామూ వాడే సి లైబ్రరీ) ఆప్టిమైజేషన్ లేకుండా అసలు కంపైల్ కాదు, మొదట్లోనే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఫోర్టిఫై సోర్స్ అనే రక్షణ కనీసం ఓ1 ఉంటేనే పనిచేస్తుంది. ఓ0లో హెడర్ ఒక వార్నింగ్ ఇచ్చి ఊరుకుంటుంది, బఫర్ సైజు చెక్‌లు మాత్రం ఉండవు. స్టాటిక్ అని రాయకుండా ఉత్త ఇన్‌లైన్ అని మాత్రమే రాసిన సి ఫంక్షన్లు ఓ2లో లోపలే కలిసిపోయి బతికిపోతాయి, ఓ0లో 'అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్' అంటూ లింకింగ్ దగ్గర బయటపడతాయి. కాబట్టి ఓ0 ఒక్కో ప్యాకేజీని పరీక్షించడానికే. డెబియన్‌లో డెబ్_బిల్డ్_ఆప్షన్స్‌లో నోఆప్ట్ అని పెడితే ఆ పని జరుగుతుంది.

సైజు కోసం ఓఎస్ అనే లెవెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కాదు) వాడటం ఇంకో దారి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ లాంటి వాటికి అది సరైన నిర్ణయమే, రౌటర్లో 8 లేదా 16 మెగాబైట్ల ఫ్లాష్‌లో కెర్నల్‌తో సహా అన్నీ పట్టాలి మరి. ఆల్పైన్ కూడా ఏళ్ళ తరబడి ఓఎస్‌తోనే ప్యాకేజీలు కట్టింది. కానీ డెస్క్‌టాప్‌కి, సర్వర్‌కి ఓఎస్ ఖరీదెక్కువ. స్థిరాంకంతో భాగహారం చేసే చోట ఓ2 అయితే గుణకారం, షిఫ్ట్‌లతో పని కానిస్తుంది. ఓఎస్ నాలుగు బైట్లు మిగుల్చుకోవడానికి నిజంగానే డివైడ్ ఇన్‌స్ట్రక్షన్ వేస్తుంది. లూప్ లోపల అలాంటిది ఒకటి పడితే చాలు.

ఇక అందరూ అడిగే ఓ3. క్లియర్ లైనక్స్ ఓ3తోనే పేరు తెచ్చుకుంది (ఇంటెల్ 2025 జూలైలో దాన్ని ఆపేసింది), క్యాచీఓఎస్ ఇప్పటికీ ఆ దారిలోనే ఉంది. మరి డెబియన్, ఫెడోరా, ఆర్చ్ ఎందుకు ఓ2 దగ్గరే ఆగాయి? బద్ధకం కాదు. చాలా ప్రాసెసర్లలో ఒక్కో కోర్‌కి మొదటి స్థాయి ఇన్‌స్ట్రక్షన్ క్యాష్ 32 కిలోబైట్లే. ఓ3 క్లోన్లు, లూప్ కాపీలు ఒక్క ప్రోగ్రామ్ బెంచ్‌మార్క్‌లో ఆ క్యాష్‌లో హాయిగా ఇమిడిపోతాయి. డెస్క్‌టాప్ మీద బ్రౌజర్, కంపోజిటర్, నలభై లైబ్రరీలు వంతులవారీగా నడుస్తున్నప్పుడు అవే కాపీలు ఒకదాన్నొకటి క్యాష్ నుంచి తోసుకుంటాయి. పైగా డిస్ట్రోలోని కోడ్‌లో ఎక్కువ భాగం స్ట్రింగులు పార్స్ చేసేది, పాయింటర్ల వెంట నడిచేది, సిస్టమ్ కాల్‌కోసం ఆగేది. దానికి లూప్ మాయాజాలం వల్ల ఒరిగేదేమీ లేదు. ఉబుంటు పవర్‌పీసీ లిటిల్ ఎండియన్ పోర్టులో మొదటి నుంచీ ఓ3నే డిఫాల్ట్‌గా పెట్టింది. ఎక్స్86 మీద కూడా ప్రయత్నించి చూసి, ఓ2కే తిరిగి వచ్చింది. కెర్నల్ సంగతి కూడా ఇంతే. 2022లో ఓ3ని అన్ని ఆర్కిటెక్చర్లకూ ఆప్షన్‌గా ఇద్దామన్న ప్యాచ్‌కి లైనస్ టోర్వాల్డ్స్ ఒప్పుకోలేదు. కెర్నల్‌కి ఉన్నవి రెండే: ఓ2, లేదా సైజు కోసం ఓఎస్. ఎన్విరాన్‌మెంట్‌లోని సీఫ్లాగ్స్‌లో (సి ఫ్లాగులు పెట్టే వేరియబుల్) ఏం పెట్టినా కెర్నల్ పట్టించుకోదు. తప్పదనుకుంటే కేసీఫ్లాగ్స్ అనే వేరే పేరు ఉంది.

ఓ3తో వచ్చే చిన్న తలనొప్పి ఇంకొకటి. ఇన్‌లైనింగ్ పెరిగేకొద్దీ 'మేబీ-అన్‌ఇనిషియలైజ్డ్', 'స్ట్రింగ్‌ఆప్-ఓవర్‌ఫ్లో' లాంటి వార్నింగులు ఉన్నవీ లేనివీ కలిపి ఎక్కువ వస్తాయి. డబ్ల్యూఎర్రర్ (వార్నింగుని ఎర్రర్‌గా లెక్కించే ఫ్లాగు) పెట్టుకున్న ప్యాకేజీలు దాంతో బిల్డ్ దగ్గరే ఆగిపోతాయి. డిస్ట్రోలో సాదా డబ్ల్యూఎర్రర్ ఉంచకూడదు. ఫార్మాట్-సెక్యూరిటీ లాంటి ఒకటి రెండింటికే పరిమితం చేసి మిగతాది ప్యాచ్ చేసి తీసేయాలి.

ఓ3ని కూడా దాటిన ఓఫాస్ట్ గురించి ఒకే మాట: డిస్ట్రో స్థాయిలో ముట్టుకోవద్దు. అందులో ఎఫ్ఫాస్ట్-మ్యాత్ ఉంది. దాని లెక్క ప్రకారం నాన్ ('సంఖ్య కాదు' అని చెప్పే) విలువలు ప్రపంచంలో లేవు. కాబట్టి 'ఇది నానా?' అని అడిగిన ప్రతి చెక్‌నీ కంపైలర్ తీసిపారేయగలదు. అంతకన్నా ఘోరం ఇంకొకటి. జీసీసీ 13కి ముందు, ఫాస్ట్-మ్యాత్‌తో షేర్డ్ లైబ్రరీని లింక్ చేస్తే దానికి ఒక చిన్న స్టార్టప్ ఫైల్ అంటుకునేది. ఆ లైబ్రరీ లోడ్ అయిన క్షణంలో అది ప్రాసెసర్ ఫ్లోటింగ్ పాయింట్ మోడ్‌ని మార్చి, డీనార్మల్ (సున్నాకి అతి దగ్గరి) సంఖ్యలన్నిటినీ సున్నా చేయించేది. ఎవరో రాసిన సంబంధంలేని ప్లగిన్ లోడ్ కాగానే మీ గణిత ప్రోగ్రామ్ జవాబులు మారతాయన్నమాట. క్లాంగ్ 19లో ఓఫాస్ట్‌ని డెప్రికేట్ చేశారు, మంచిపని. ఏదైనా ఇమేజ్ లేదా ఆడియో ప్యాకేజీకి నిజంగా అవసరమైతే దాని అప్‌స్ట్రీమ్ (అసలు రచయితల) బిల్డ్ ఫైలే ఆ ఒక్క ఫైలుకి అడుగుతుంది.

సరే, ఓ2 అని రాశాం. అది చేరిందా? ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే.

సీమేక్ అనే బిల్డ్ టూల్‌నే తీసుకోండి. బిల్డ్ టైప్ రిలీజ్ అయితే సీమేక్ తన సొంత -ఓ3 -డీఎన్‌డీబగ్‌ని మన సీఫ్లాగ్స్ తర్వాత అంటిస్తుంది. కమాండ్ లైన్‌లో ఓ ఫ్లాగులు రెండుంటే చివరిదే చెల్లుతుంది. మనం ఓ2 అనుకుంటూ ఉంటాం, బైనరీలు ఓ3తో వెళ్ళిపోతుంటాయి. డెబియన్ ప్యాకేజింగ్ టూల్ డెబ్‌హెల్పర్ బిల్డ్ టైప్‌కి నన్ అని ఇవ్వడం, ఆర్చ్ వాళ్ళు కూడా నన్ పెట్టమనడం, ఫెడోరా రిలీజ్ ఫ్లాగుల స్థానంలో ఉత్త -డీఎన్‌డీబగ్ మిగల్చడం ఇందుకే. నన్ పెడితే మరో చిక్కు: ఎన్‌డీబగ్ కూడా పోతుంది కాబట్టి అసర్ట్‌లన్నీ (కోడ్‌లో రాసుకున్న స్వీయ తనిఖీలు) బతికే ఉంటాయి. కొన్ని ప్యాకేజీలు వాటితో నెమ్మదిస్తాయి, కొన్ని మామూలు వాడుకలోనే అసర్ట్ తగిలి పడిపోతాయి. అలాంటి వాటికి -డీఎన్‌డీబగ్ చేత్తో కలపాలి. ఇంకొన్ని ప్రాజెక్టులు బిల్డ్ టైప్ ఖాళీగా కనిపిస్తే 'పాపం మర్చిపోయారు' అని తామే రిలీజ్ చేసేస్తాయి. మీసన్ అనే ఇంకో బిల్డ్ టూల్‌లో ఇంత గొడవ లేదు, బిల్డ్‌టైప్ ప్లెయిన్ అంటే చాలు, తన ఫ్లాగులేవీ కలపదు. ఆటోటూల్స్ బుద్ధిమంతురాలు. మనం ఏమీ ఇవ్వకపోతేనే -జి -ఓ2 వేసుకుంటుంది.

చేత్తో రాసిన మేక్‌ఫైల్‌లు వేరే జాతి. అందులో 'సీఫ్లాగ్స్ = -ఓ3' అని ఉంటే ఎన్విరాన్‌మెంట్‌లోని మన విలువ ఓడిపోతుంది. మేక్ కమాండ్ పక్కనే సీఫ్లాగ్స్ ఇస్తే మనదే గెలుస్తుంది, కానీ మరీ ఎక్కువ గెలుస్తుంది. మేక్‌ఫైల్ లోపల '+=' తో కలుపుకున్న ఇన్‌క్లూడ్ దారులు, డిఫైన్లు కూడా ఎగిరిపోతాయి. హెడర్ దొరకలేదని బిల్డ్ ఆగిపోతే అదృష్టం. డిఫైన్ ఒకటి పోయి ఏదో ఫీచర్ లేకుండా నిశ్శబ్దంగా కట్టేస్తే నెలల తర్వాత తెలుస్తుంది. సరైన పరిష్కారం ఆ వరుసని '?=' గా ప్యాచ్ చేసి అప్‌స్ట్రీమ్‌కి పంపడం. రస్ట్ భాషకి ఈ ఫ్లాగులేవీ చేరవు. దాని బిల్డ్ టూల్ కార్గో రిలీజ్ ప్రొఫైల్ ఎలాగూ ఆప్ట్-లెవెల్ 3 మీదే ఉంటుంది, దాన్ని అలా వదిలేయడమే నయం.

చేరిందో లేదో చూడటానికి రెండు చోట్లు ఉన్నాయి. మొదటిది బిల్డ్ లాగ్. అది పూర్తిగా కనిపించాలంటే మేక్‌కి వి=1 లేదా వెర్బోస్=1 ఇవ్వాలి. 'సీసీ ఫూ.ఓ' అని మాత్రమే చూపించే అందమైన లాగ్ దేనికీ పనికిరాదు. డెబియన్‌లో బీఎల్‌హెచ్‌సీ అనే పనిముట్టు లాగ్ చదివి ఏ వరుసలో ఏ హార్డెనింగ్ (భద్రత పెంచే) ఫ్లాగు లేదో చెబుతుంది. రెండోది బైనరీలోని డీబగ్ సమాచారం. జీసీసీ తనకి ఇచ్చిన స్విచ్‌లను డ్వార్ఫ్‌లో (డీబగ్ సమాచారం రాసే ఫార్మాట్) ప్రొడ్యూసర్ అనే చోట రాస్తుంది. స్ట్రిప్ చేయకముందు (ఆ సమాచారం తీసేయకముందు) రీడ్‌ఎల్ఫ్‌తో --డీబగ్-డంప్=ఇన్ఫో తీసి అక్కడ ఓ2 ఉందో ఓ3 ఉందో గ్రెప్ చేయొచ్చు. ఎల్‌టీఓతో (లింక్ సమయంలో చేసే ఆప్టిమైజేషన్) కట్టిన వాటిలో అక్కడ 'గింపుల్' అన్న పేరుతో లింక్ సమయపు వరుస కనిపిస్తుంది, కంగారు పడొద్దు. ఈ గ్రెప్‌ని బిల్డ్ స్క్రిప్ట్ చివర పెట్టి, అనుమతి జాబితాలో లేని ప్యాకేజీలో ఓ3, ఓఫాస్ట్, లేదా డిస్ట్రోది కాని మార్చ్ (ఏ ప్రాసెసర్‌కి కట్టాలో చెప్పే ఫ్లాగు; నేటివ్ అని పెడితే ఇక్కడ అసలు ప్రాసెసర్ పేరే కనిపిస్తుంది) కనిపిస్తే బిల్డ్ ఫెయిల్ చేసేయడం అన్నిటికన్నా లాభసాటి పని. అరగంట స్క్రిప్ట్ అది.

మార్చ్=నేటివ్ (బిల్డ్ మెషీన్ ప్రాసెసర్‌కి తగ్గట్టు కట్టమనడం) మాట వచ్చింది కాబట్టి, నిజానికి ఓ లెవెల్ కన్నా పెద్ద నిర్ణయం ఇదే. బిల్డ్ సర్వర్‌లో ఏవీఎక్స్-512 ఇన్‌స్ట్రక్షన్లు ఉన్న కొత్త ప్రాసెసర్ ఉంటే, నేటివ్‌తో కట్టిన బైనరీ వాడేవాళ్ళ మెషీన్‌లో 'ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్' అని చచ్చిపోతుంది. మనం పెట్టకపోయినా కొన్ని ప్రాజెక్టులు తమ సీమేక్‌లోనే దాన్ని దాచుకుంటాయి. పై గ్రెప్ వాటికోసమే.

2020లో ఏఎండీ, ఇంటెల్, రెడ్ హ్యాట్, సూసే కలిసి ప్రాసెసర్లో ఉన్న ఇన్‌స్ట్రక్షన్లని బట్టి ఎక్స్86-64కి వి2, వి3, వి4 అని మెట్లు గీశాయి. వి2లో ఎస్ఎస్ఈ4.2, పాప్‌కౌంట్ ఉంటాయి. వి3లో ఏవీఎక్స్2, బీఎంఐ, ఎఫ్ఎంఏ చేరతాయి. వి4 ఏవీఎక్స్-512. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ 9 వి2 మీద, 10 వి3 మీద కట్టారు. అది చూసి 'మనమూ వి3కి వెళ్దాం, అందరి దగ్గరా ఇంటెల్ హాస్‌వెల్ తరం తర్వాతివే కదా' అనుకోవడం ప్రమాదం. ప్రాసెసర్ తయారైన ఏడాది చూస్తే చాలదు. హాస్‌వెల్ తర్వాతి స్కైలేక్ కాలపు పెంటియం జీ4400లో ఏవీఎక్స్ లేదు. తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో వచ్చే సెలెరాన్ ఎన్4020లో లేదు. బిల్లింగ్ కౌంటర్లలో, కంప్యూటర్ ల్యాబుల్లో నడిచేవి ఇలాంటివే. సీడాక్ (కేంద్ర ప్రభుత్వ కంప్యూటింగ్ సంస్థ) వారి బాస్ డిస్ట్రో డెబియన్ మీద కట్టినదే. డెబియన్ ఏఎండీ64 ఇప్పటికీ మొదటి మెట్టు మీదే ఉంది కాబట్టి ఆ ప్యాకేజీలు ఈ మెషీన్లన్నిటిలోనూ నడుస్తాయి. జీలిబ్‌సీని వి3కి కట్టి అలాంటి మెషీన్‌కి అప్‌డేట్‌గా పంపితే 'సీపీయూ ఐఎస్ఏ లెవెల్ ఈజ్ లోయర్ దన్ రిక్వైర్డ్' అని ఒక్క వరుస వస్తుంది. ఇనిట్ (కెర్నల్ మొదట నడిపే ప్రోగ్రామ్) కూడా మొదలవదు, కెర్నల్ ప్యానిక్. తిరిగి పాత ప్యాకేజీ పెట్టుకోవాలన్నా పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయాల్సిందే.

మధ్యేమార్గం జీలిబ్‌సీ 2.33 నుంచి ఉంది. లైబ్రరీని బేస్‌లైన్‌కి (మొదటి మెట్టుకి) ఒకసారి, వి3కి ఒకసారి కట్టి, రెండోదాన్ని లైబ్రరీ డైరెక్టరీలో జీలిబ్‌సీ-హెచ్‌డబ్ల్యూక్యాప్స్ కింద ఎక్స్86-64-వి3 అనే ఫోల్డర్లో పెడితే, లోడర్ (ప్రోగ్రామ్ మొదలవగానే దాని లైబ్రరీలు తెచ్చిపెట్టేది) ఆ మెషీన్‌కి తగినదాన్ని తానే ఎంచుకుంటుంది. ఓపెన్‌సూసే టంబుల్‌వీడ్ ఈ పద్ధతే వాడుతోంది. ఇది షేర్డ్ లైబ్రరీలకే పనిచేస్తుంది, ఎగ్జిక్యూటబుల్స్‌కి కాదు. డైనమిక్ లోడర్ని నేరుగా --హెల్ప్‌తో నడిపితే ఆ మెషీన్ ఏ మెట్టు దాకా ఎక్కగలదో చివర్లో రాస్తుంది. అయితే ఓపెన్ఎస్ఎస్ఎల్, ఎక్స్264, జీలిబ్‌సీలోని మెమ్‌కాపీ లాంటివి తమ అసెంబ్లీ కోడ్‌ని రన్‌టైమ్‌లో తామే ఎంచుకుంటాయి. వాటికి వి3 కాపీ కట్టడం డిస్క్ దండగ.

వి3తో అనుకోకుండా తగిలే దెబ్బ ఒకటుంది, టెస్టులు. ఎఫ్ఎంఏ అందుబాటులోకి రాగానే జీసీసీ డిఫాల్ట్‌గా గుణకారం, కూడికలని కలిపి ఒకే ఇన్‌స్ట్రక్షన్ చేస్తుంది. మధ్యలో ఒక రౌండింగ్ తగ్గుతుంది, జవాబులో చివరి అంకె మారుతుంది. సరిగ్గా సమానం కావాలని రాసిన టెస్టులు ఎర్రబడతాయి. ఆర్మ్64లో ఎఫ్ఎంఏ మొదటి నుంచీ బేస్‌లైన్‌లోనే ఉంది కాబట్టి, అదే టెస్ట్ అక్కడ కూడా ఫెయిల్ అవుతోందేమో ముందు చూడండి. అవుతుంటే ఇది టెస్ట్ తప్పే. ఆ ప్యాకేజీకి మాత్రం -ఎఫ్ఎఫ్‌పీ-కాంట్రాక్ట్=ఆఫ్ పెట్టి ముందుకు సాగొచ్చు. ఇంకొకటి, ఐగెన్ అనే గణిత లైబ్రరీ వాడే సి++ లైబ్రరీలు. ఏవీఎక్స్ ఆన్ కాగానే ఐగెన్ తన డేటా అలైన్‌మెంట్‌ని 16 నుంచి 32 బైట్లకి పెంచుకుంటుంది. అంటే ఏబీఐ (బైనరీలు ఒకదానితో ఒకటి కలిసే ఒప్పందం) మారినట్టే. లైబ్రరీ ఒకలా, దాన్ని వాడే ప్రోగ్రామ్ ఇంకోలా కడితే సెగ్‌ఫాల్ట్. ఓ లెవెల్స్‌ని ఎలా కలిపి లింక్ చేసినా ఏబీఐ చెడదు, మార్చ్ విషయంలో మాత్రం ఆ ధీమా పనికిరాదు.

ఇప్పుడు ఓ2తోనే విరిగేవి. చాలావరకు కంపైలర్ తప్పు కాదు, కోడ్‌లోని అన్‌డిఫైన్డ్ బిహేవియర్ (ఏం జరగాలో భాషా ప్రమాణం చెప్పని పనులు). ఒక టైపు పాయింటర్‌తో ఇంకో టైపు డేటా చదవడం, సైన్డ్ ఇంటీజర్ పొంగి చుట్టూ తిరుగుతుందని నమ్మడం, పాయింటర్‌ని వాడేశాక అది నల్ (దేన్నీ చూపనిది) అవునో కాదో అడగడం. మూడోదానికి అందరికీ గుర్తుండే ఉదాహరణ 2009లో కెర్నల్ టన్ డ్రైవర్లో దొరికింది. ముందు పాయింటర్ లోపలి ఫీల్డ్ చదివి, తర్వాత వరుసలో నల్ చెక్ చేశారు. 'చదివావంటే నల్ కాదన్నమాట' అని జీసీసీ చెక్‌ని తీసేసింది, అది రూట్ హక్కులు దొంగిలించే దారి అయింది. అప్పటి నుంచి కెర్నల్ ఎఫ్‌నో-డిలీట్-నల్-పాయింటర్-చెక్స్‌తో కడతారు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఎఫ్‌నో-స్ట్రిక్ట్-ఏలియాసింగ్, ఎఫ్‌ర్యాప్‌వి రెండూ తానే పెట్టుకుంటుంది. ఇలాంటి ప్యాకేజీ తనకోసం పెట్టుకున్న ఫ్లాగుల్ని డిస్ట్రో ఫ్లాగులు తుడిచేయకుండా చూడటం కూడా మన పనే.

సి లైబ్రరీలు కట్టేవాళ్ళకి ఇంకో గుంట. బైట్లని సున్నా చేసే లూప్ కనిపిస్తే జీసీసీ దాన్ని మెమ్‌సెట్ పిలుపుగా మారుస్తుంది, జీసీసీ 10 నుంచి ఇది ఓ2లోనే జరుగుతుంది. ఆ లూప్ మెమ్‌సెట్ ఫంక్షన్ లోపలే ఉంటే? తనని తాను పిలుచుకుంటూ స్టాక్ అయిపోయేదాకా వెళుతుంది. విరుగుడు ఎఫ్‌నో-ట్రీ-లూప్-డిస్ట్రిబ్యూట్-ప్యాటర్న్స్.

ఓ2లో టెస్ట్ ఫెయిల్, ఓ1లో పాస్. ఎలా వెతకాలి? ముందు ఓ2 ఉంచి పైన చెప్పిన మూడు ఫ్లాగుల్నీ (ఏలియాసింగ్‌ది, ర్యాప్‌వి, నల్ చెక్‌లది) ఒక్కొక్కటిగా కలిపి చూడండి. ఏదో ఒకటి కుదిరితే తప్పు ఏ జాతిదో తెలిసినట్టే. కుదరకపోతే అన్‌డిఫైన్డ్, అడ్రెస్ శానిటైజర్లతో (ఇలాంటి తప్పుల్ని నడుస్తుండగానే పట్టే కంపైలర్ తనిఖీలు) కట్టి టెస్టులు నడపండి, వాల్‌గ్రైండ్‌తో ఇనిషియలైజ్ చేయని వేరియబుల్స్ వెతకండి. అప్పటికీ తేలకపోతే రెండు డైరెక్టరీల్లో, ఒకటి ఓ1తో, ఒకటి ఓ2తో కట్టి, ఆబ్జెక్ట్ ఫైళ్ళు సగం ఇటు సగం అటు తీసి లింక్ చేయండి. 200 ఫైళ్ళున్నా ఎనిమిది ప్రయత్నాల్లో దోషి ఫైల్ ఒక్కటే మిగులుతుంది. ఆ ఫైల్లో ఫంక్షన్ పట్టుకోవడానికి ఆప్టిమైజ్ అనే యాట్రిబ్యూట్ పనికొస్తుంది. అది డీబగ్ కోసమేనని జీసీసీ మాన్యువల్ స్పష్టంగా చెబుతుంది, ప్యాచ్‌లో అలాగే వదిలేసి పంపకండి. ఓ1తో పోయింది కాబట్టి కంపైలర్ బగ్ అని రిపోర్టు రాస్తే మాత్రం నూటికి తొంభై సార్లు పరువు పోతుంది.

ఎల్‌టీఓ ఓ లెవెల్ కాదు గానీ ఈ లెక్కలోకి రావాల్సిందే. టంబుల్‌వీడ్ 2019లో, ఫెడోరా 33తో 2020లో, తర్వాత ఉబుంటు దీన్ని డిఫాల్ట్ చేశాయి. సైజు తగ్గుతుంది, ఫైళ్ళ మధ్య ఇన్‌లైనింగ్ వస్తుంది. ఓ3 ఖర్చుతో పోలిస్తే నా ఓటు దీనికే. విరిగేవి ఎక్కడో కూడా తెలిసినవే. అసెంబ్లీ వరుసగా రాసిన సింబల్ వెర్షన్లు (లైబ్రరీ ఫంక్షన్లకి తగిలించే వెర్షన్ పేర్లు) మాయమవుతాయి, జీసీసీ 10లో వచ్చిన సిమ్‌వర్ యాట్రిబ్యూట్‌కి మార్చాలి. స్టాటిక్ లైబ్రరీలు ప్యాకేజీ చేస్తే -ఎఫ్‌ఫ్యాట్-ఎల్‌టీఓ-ఆబ్జెక్ట్స్ తప్పనిసరి. లేకపోతే అందులో ఉండేది ఆ జీసీసీ వెర్షన్‌కి మాత్రమే అర్థమయ్యే బైట్‌కోడ్. ఫ్యాట్ పెట్టినా ఇన్‌స్టాల్ తర్వాత ఆ బైట్‌కోడ్ విభాగాలని స్ట్రిప్ చేయాలి, ఫెడోరాలో ఆ పని ఒక స్క్రిప్టే చేస్తుంది. ఆర్కైవ్ కట్టేది జీసీసీ-ఏఆర్ అయి ఉండాలి. కాన్ఫిగర్ స్క్రిప్టుల్లో ఎన్ఎం (సింబల్ జాబితా చూపే టూల్) అవుట్‌పుట్‌ని గ్రెప్ చేసే పాత టెస్టులు తప్పు జవాబు చెబుతాయి. లింక్ దశలో మెమరీ ఎంత మింగుతుందో ముందే చూసుకోండి. -ఎఫ్ఎల్‌టీఓ=ఆటో అన్ని కోర్లూ వాడేస్తుంది, బ్రౌజర్ లాంటి ప్యాకేజీ ఉన్న చోట బిల్డ్ మెషీన్ తలుపుని ఓఓఎం కిల్లర్ (మెమరీ అయిపోతే ప్రాసెస్‌లని చంపే కెర్నల్ భాగం) తడుతుంది.

మరి ఓ2 చాలని ప్యాకేజీలు? ఉన్నాయి, కానీ వాటికి కావాల్సింది ఓ3యే అనుకోకండి. పైథాన్ మంచి ఉదాహరణ. ఫెడోరా 32లో లిబ్‌పైథాన్‌ని -ఎఫ్‌నో-సెమాంటిక్-ఇంటర్‌పొజిషన్‌తో కట్టినప్పుడు టెస్టుని బట్టి 5 నుంచి 27 శాతం వేగం వచ్చింది. షేర్డ్ లైబ్రరీలో తన ఫంక్షన్లని ఎవరో బయట నుంచి మార్చేస్తారేమోనని జీసీసీ ఇన్‌లైన్ చేయకుండా జంకుతుంది, ఆ భయం తీర్చారు, అంతే. పైథాన్‌కీ ఫైర్‌ఫాక్స్‌కీ ప్రొఫైల్ (ముందు నడిపి తీసిన లెక్కలు) చూసి ఆప్టిమైజ్ చేయడం కూడా ఫలితమిస్తుంది. దాని ధర ఏమిటంటే, ప్రొఫైల్ నడిచిన ప్రతిసారీ లెక్కలు కొంచెం మారితే బైనరీ కూడా మారి, రిప్రొడ్యూసిబుల్ బిల్డ్ (ఎప్పుడు కట్టినా అదే బైనరీ రావడం) చేజారుతుంది. న్యూమరికల్ లైబ్రరీలు, ఆడియో ఫిల్టర్లు, ఇమేజ్ కోడెక్‌లు, కంప్రెషన్‌లో సి కోడ్ నడిచే భాగాలు ఓ3కి అర్హత ఉన్నవి. అక్కడ కూడా డిస్ట్రో ఇచ్చే కంపైలర్‌తో, డిస్ట్రో మార్చ్‌తో కొలవండి. ఒకే మెషీన్‌లో ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించే గవర్నర్‌ని పెర్ఫార్మెన్స్ మీద పెట్టి, ఓ2, ఓ3 మార్చి మార్చి కనీసం పదిసార్లు నడపండి. తేడా ఊగిసలాటలోనే మునిగిపోతుంటే ఓ2 ఉంచేయండి.

ఆ మినహాయింపు ఎక్కడ రాయాలంటే, డెబియన్‌లో రూల్స్ ఫైల్లో డెబ్_సీఫ్లాగ్స్_మెయింట్_స్ట్రిప్‌కి -ఓ2, డెబ్_సీఫ్లాగ్స్_మెయింట్_అపెండ్‌కి -ఓ3 ఇస్తారు. సి++ ఉంటే సీఎక్స్ఎక్స్ఫ్లాగ్స్ జంట కూడా రాయాలి, చాలామంది మర్చిపోయేది అదే. ఫెడోరా లాంటి వాటి ఆర్‌పీఎం స్పెక్‌లో ఆప్ట్‌ఫ్లాగ్స్ మాక్రోని గ్లోబల్‌తో తిరిగి నిర్వచించి చివర -ఓ3 కలుపుతారు. జెంటూలో మేక్.కాన్ఫ్‌లో కామన్_ఫ్లాగ్స్="-ఓ2 -పైప్" అలాగే ఉంచి, పోర్టేజ్ ఎన్వ్ డైరెక్టరీలో ఒక చిన్న ఫైల్ పెట్టి, ప్యాకేజ్.ఎన్వ్‌లో ఆ ప్యాకేజీ పేరు పక్కన దాని పేరు రాస్తారు. ఎక్కడ రాసినా పక్కనే కామెంట్: ఏ జీసీసీ వెర్షన్‌తో కొలిచాం, ఎంత వచ్చింది, ఏ టెస్ట్. కామెంట్ లేని మినహాయింపుని తర్వాతి మెయింటెయినర్ తీసేయడానికీ జంకుతాడు, ఉంచడానికీ జంకుతాడు. 32-బిట్ పోర్టుల్లో ఎదురు దిశలో కూడా మినహాయింపులు ఉంటాయి. కంపైలర్‌కి నాలుగు గిగాబైట్ల అడ్రెస్ స్థలం చాలక సీసీ1ప్లస్ (జీసీసీలో సి++ కంపైల్ చేసే భాగం) మధ్యలో ఆగిపోతే, ముందు డీబగ్ సమాచారాన్ని -జి1కి తగ్గించి, అప్పటికీ లొంగకపోతే ఆ ఒక్క పెద్ద జెనరేటెడ్ ఫైలుకి ఓ1 ఇవ్వడం అనుభవంలో ఉన్న మార్గం.

ఫ్రేమ్ పాయింటర్ (ఏ ఫంక్షన్‌ని ఎవరు పిలిచారో వెనక్కి వెతకడానికి ఉంచే రిజిస్టర్) కూడా ఇప్పుడు ఈ వరుసలోనే రాస్తున్నారు. ఓ2 దాన్ని తీసేస్తుంది. ఫెడోరా 38, ఉబుంటు 24.04 పెర్ఫ్‌లాంటి ప్రొఫైలర్ల కోసం తిరిగి పెట్టాయి. కాస్త వేగం పోయినా సర్వర్ వైపు డిస్ట్రోకి అది విలువైన బేరం.

చివరగా సమయం. ఫ్లాగు మార్చిన రోజు ఏమీ జరగదు, ప్యాకేజీ మళ్ళీ కట్టినప్పుడే అది అమల్లోకి వస్తుంది. అందుకని కొత్త జీసీసీ దించి, మొత్తం రీబిల్డ్ చేసే వారంతో దీన్ని కలపాలనిపిస్తుంది. కలపొద్దు. ముందు పాత ఫ్లాగులతో కొత్త కంపైలర్, అవి తేలాక ఆ కొత్త కంపైలర్‌తోనే కొత్త ఫ్లాగులు. రెండూ ఒకేసారి మార్చితే విరిగిన రెండొందల ప్యాకేజీల్లో ఏది దేనివల్ల విరిగిందో చెప్పేవాడు ఉండడు. బిల్డ్ ఫార్మ్‌కి రెండోసారి రీబిల్డ్ చేసేంత సమయం లేకపోతే బూట్‌కి కావాల్సినవి, టూల్‌చైన్, ఎక్కువగా వాడే రెండు మూడు వందల లైబ్రరీలు మాత్రమే రెండో విడతలో కట్టండి, మిగతావి వాటి తర్వాతి అప్‌డేట్‌తో పాటే మారిపోతాయి.